ఒకే రెండు నగరాలు, నాలుగు సైట్లలో నాలుగు దూరాలు: ఏది నమ్మాలి?

నిద్రమొహం
పొద్దున్నుంచీ తల పట్టుకుని కూర్చున్నాను. వచ్చే నెల ఇంటిల్లిపాదీ వేరే నగరానికి వెళ్ళాలి. దూరం ఎంతో చూద్దామని నాలుగు సైట్లు తెరిచాను. ఒకటి 500 అంటుంది, ఒకటి 640, ఒకటి 311, ఇంకోటి 270. విమానంలో 38 నిమిషాలని ఒక సైట్ రాస్తే, టికెట్లు అమ్మే చోట అదే ప్రయాణానికి గంటా ఇరవై నిమిషాలని ఉంది. కారులో 6 గంటల 24 నిమిషాలట. మ్యాప్ యాప్‌ని అడిగితే 9 గంటలు దాటిస్తోంది.
నగరాల పేర్లు చెప్పను. చెబితే అక్కడ ఏం చూడాలి, ఎక్కడ దిగాలి అని వేరే చర్చ మొదలవుతుంది. ఈ అంకెలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి, దేన్ని నమ్మి బయల్దేరాలి? మాతో మోకాళ్ళ నొప్పులున్న నాన్నగారు, కుదురుగా కూర్చోని ఇద్దరు పిల్లలు ఉంటారు.

మూడోగేరు
పేర్లు చెప్పకుండా దారి అడిగిన మొదటి మనిషి మీరే.

లెక్కల_సూరి
మీ నాలుగు అంకెల్లో మూడు ఒకటే. 500 కిలోమీటర్లు, 311 మామూలు మైళ్ళు, 270 నాటికల్ మైళ్ళు. మామూలు మైలుకు 1.609 కి.మీ., నాటికల్ మైలుకు 1.852 కి.మీ. గుణించి చూసుకోండి. విమానాల వాళ్ళు, ఓడల వాళ్ళు నాటికల్ మైళ్ళలోనే లెక్క కడతారు. ఆ అంకెను ఎక్కణ్ణుంచో తెచ్చి పక్కన యూనిట్ వేయకుండా పెట్టేసి ఉంటారు.
500 అనేది ఆకాశ దూరం. రెండు నగరాల అక్షాంశ రేఖాంశాలు తీసుకుని, భూమిని 6,371 కి.మీ. వ్యాసార్ధమున్న గోళం అనుకుని, గోళం మీద రెండు చుక్కల మధ్య దూరం కట్టే హావర్‌సైన్ సూత్రంలో వేస్తే వచ్చే అంకె. అందులో కొండ లేదు, నది లేదు, రన్‌వే కూడా లేదు. 640 మాత్రం రోడ్డు దూరం.
ఇక 38 నిమిషాలంటారా, 500ని గంటకు 800తో భాగించారు. 37.5 వస్తే 38 చేశారు. కారుకేమో 640ని 100తో భాగించారు. 6.4 గంటలు, అంటే 6 గంటల 24 నిమిషాలు. ఆ సైట్ చేసిన పనల్లా భాగహారమే.

నిద్రమొహం
భాగహారమా! నేనింకా ఉపగ్రహాలతో చూసి చెబుతున్నారేమో అనుకున్నా.

పటాలపిచ్చి
ఆ 500 కూడా ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చూడాలి సూరి గారూ. నగరమంటే చుక్క కాదు కదా. లండన్‌కి దూరం అంటే చేరింగ్ క్రాస్ దగ్గర ఒకటో చార్లెస్ విగ్రహం ఉన్న చోటు దాకా కొలవడం ఆనవాయితీ. పారిస్‌కైతే నోట్రడామ్ ముందు నేలలో పొదిగిన గుర్తు. మీ సైట్ ఏ చుక్కలు పెట్టుకుందో ఎవరికి తెలుసు? పెద్ద నగరమైతే ఈ చివర ఉన్నవాళ్ళకీ ఆ చివర ఉన్నవాళ్ళకీ 40, 50 కి.మీ. తేడా వస్తుంది.
రోడ్డు దూరం ఆకాశ దూరానికి మామూలుగా 1.2 నుంచి 1.4 రెట్లు ఉంటుంది. మీది 640 బై 500, అంటే 1.28. అనుమానించాల్సిందేమీ లేదు. నీళ్ళు అడ్డమొచ్చినప్పుడే ఈ లెక్క తప్పుతుంది. బ్యూనస్ ఎయిర్స్ నుంచి మాంటెవిడియోకి ఆకాశంలో 200 కి.మీ. చిల్లర. మధ్యలో సముద్రంలా విప్పారిన రియో దె లా ప్లాతా ఉంటుంది. కారులో పోవాలంటే పైకెళ్ళి, నది ఇరుకైన చోట వంతెన దాటి, మళ్ళీ కిందికి రావాలి. దూరం రెట్టింపు దాటిపోతుంది. హెల్సింకి, టాలిన్ ఇంకా ఘోరం. మధ్యలో 80 కి.మీ. సముద్రం, అంతే. నేల మీద పోతే సెయింట్ పీటర్స్‌బర్గ్ చుట్టి 700 పైనే. అదీ సరిహద్దు తెరిచి ఉన్న రోజుల మాట. ఫిన్లండ్ 2023 చివర్లో రష్యా వైపు రోడ్డు దారులు మూసేసింది.

కిటికీ_సీటు
బ్రాజవిల్, కిన్షాసా మర్చిపోయారు. రెండూ రాజధానులే, మధ్యలో కాంగో నది. ఈ ఒడ్డు నుంచి చూస్తే ఆ ఒడ్డున భవనాలు కనబడతాయి. వాటి మధ్య వంతెన లేదు.

మూడోగేరు
కారులో ఎంతసేపో ఆ సైట్‌ని అడగండి. భాగించి చెప్పేస్తుంది.

పటాలపిచ్చి
నవ్వులాట కాదు, నిజంగానే చెప్పేస్తాయి. పనామా నగరం నుంచి కొలంబియాకి 'రోడ్డు మార్గంలో ఇన్ని గంటలు' అని రాసినవి చూశాను. మధ్యలో దాదాపు 100 కి.మీ. డేరియన్ అడవి. అక్కడ రోడ్డే లేదు. అలాస్కా రాజధాని జూనోకి, పెరూలో ఇకీటోస్‌కి కూడా బయటి నుంచి రోడ్డు లేదు. పడవ, లేదంటే విమానం.

కిటికీ_సీటు
ఇక అతి చిన్న విమాన ప్రయాణమంటే స్కాట్లండ్ ఉత్తరాన ఓర్క్‌నీ దీవుల్లో వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకి. 2.7 కి.మీ. టైమ్ టేబుల్లో రెండు నిమిషాలు. గాలి కలిసొచ్చిన రోజు 53 సెకన్లలో దిగిన రికార్డు ఉంది.

గంటన్నర_గండం
అక్కడ సీటు బెల్టు పెట్టుకునేలోపే తియ్యాలేమో.

రెక్కలపని
విమానం సంగతి నేను చెబుతాను, తిండి పెట్టేది ఈ రంగమే. టికెట్ మీద ఉండేదాన్ని మేం బ్లాక్ టైమ్ అంటాం. ఇవతల స్టాండ్‌లో, అంటే విమానం నిలిపే చోట, చక్రాల కింద దిమ్మలు తీసి కదిలిన దగ్గర్నుంచి, అవతల స్టాండ్‌లో ఆగేదాకా పట్టే సమయం. గాల్లో ఉండేది అందులో ఒక ముక్క మాత్రమే.
ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 లాంటివి పైన శబ్ద వేగంలో 0.78 వంతు పోతాయి. గంటకు సుమారు 830 కి.మీ. అనుకోండి. 500 కి.మీ. ప్రయాణంలో ఆ వేగం ఎంతసేపు దొరుకుతుంది? ఎక్కడానికి ఇరవై నిమిషాలు, దిగడానికి ఇంకో ఇరవై, పైచిలుకు. పది వేల అడుగుల కింద చాలా దేశాల్లో 250 నాట్లు (గంటకు అన్ని నాటికల్ మైళ్ళు) దాటకూడదన్న నియమం ఉంది, అంటే గంటకు 463 కి.మీ. నిలకడగా పైన సాగేది పావుగంటో ఇంకాస్తో. పైగా విమానం గాలికి ఎదురుగా దిగాలి. ఆ రోజు రన్‌వేని ఏ వైపు నుంచి వాడుతుంటే ఆ వైపుకి చుట్టు తిరిగి రావాలి. ఇవతల నేల మీద పాక్కుంటూ పోయేది పది, పదిహేను నిమిషాలు, అవతల ఐదో పదో. కూడండి, గంటా ఇరవై వస్తుంది.
ఏటీఆర్ 72 లాంటి ప్రొపెల్లర్ విమానం గంటకు 500 దరిదాపుల్లోనే పోతుంది. అయినా ఈ దూరానికి జెట్ కంటే పావుగంటో ఇరవై నిమిషాలో ఎక్కువ తీసుకుంటుందంతే.

గంటన్నర_గండం
పాక్కుంటూ పోవడం సరే, మరి ఇది చెప్పండి. ఆ మధ్య మా విమానం ఇరవై నిమిషాలు లేటుగా కదిలింది. దిగేసరికి "సమయానికి ముందే చేరుకున్నాం" అని మైకులో గొప్పలు. గంటకు 830 అయితే ఆ ఇరవై ఎక్కడ సంపాదించారు?

రెక్కలపని
సంపాదించలేదు, ముందే దాచిపెట్టారు. ఏ పూట ఎంత రద్దీ ఉంటుందో, గాలి ఎలా ఉంటుందో పాత లెక్కలు చూసి షెడ్యూల్లో కొంత ఖాళీ కలుపుతారు. అమెరికా లెక్కల్లో షెడ్యూల్ దాటి 15 నిమిషాల లోపు వస్తే సమయానికి వచ్చినట్టే. కాస్త ఖాళీ కలిపితే ఆ పట్టికలో పేరు బాగుంటుంది.

గంటన్నర_గండం
అంటే గంటా ఇరవై కూడా అబద్ధమే అన్నమాట.

రెక్కలపని
38 కంటే నిజం. మీరు స్టేషన్‌కి పది నిమిషాలు ముందు బయల్దేరితే దాన్ని అబద్ధం అంటారా?

వింతప్రశ్న
అన్ని లెక్కలూ చెప్పారు గానీ అసలుది వదిలేశారు. భూమి పడమర నుంచి తూర్పుకి తిరుగుతోంది. విమానం పడమరకి పోతే అవతలి నగరమే ఎదురొస్తుంది కదా, తొందరగా చేరాలి. మరి వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు సమయం తేడా ఉంటే అది ఉల్టాగా ఎందుకు ఉంటుంది?

మూడోగేరు
హెలికాప్టర్‌లో పైకెళ్ళి ఊరికే ఆగితే చాలు. కింద నగరాలు ఒకటొకటే వస్తుంటాయి. మనది రాగానే దిగిపోవడమే.

లెక్కల_సూరి
గాలి కూడా భూమితో కలిసే తిరుగుతోంది. విమానం ఈదేది ఆ గాల్లో. కాబట్టి నగరం ఎదురురాదు. తేడా తెచ్చేది వీచే గాలి. భూమధ్యరేఖకి ఉత్తరానా దక్షిణానా మధ్య అక్షాంశాల మీద, విమానాలు ఎగిరే ఎత్తుల్లో, జెట్ స్ట్రీమ్ అని పడమర నుంచి తూర్పుకి జోరుగాలి పారుతుంటుంది. న్యూయార్క్ నుంచి లండన్‌కి ఆరున్నర, ఏడు గంటలైతే, లండన్ నుంచి న్యూయార్క్‌కి ఏడున్నర, ఎనిమిది. 2020 ఫిబ్రవరిలో తుపాను గాలి వెనక నుంచి తోస్తే బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. నేల మీద కొలిస్తే ఒక దశలో గంటకు 1,300 కి.మీ. దాటిన వేగం.

వింతప్రశ్న
అంటే శబ్ద వేగం దాటేసింది!

లెక్కల_సూరి
దాటలేదు. చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే దాని వేగం ఎప్పటిలాగే ఉంది. గాలే కదులుతోంది.

కిటికీ_సీటు
ఏముందిలెండి, పోయేటప్పుడు పోగొట్టుకున్నది వచ్చేటప్పుడు రాబట్టుకుంటాం. రానుపోను చూస్తే సమానమే.

లెక్కల_సూరి
అదే తప్పు. 1000 కి.మీ. దూరం, విమానం వేగం 800, గాలి 100 అనుకోండి. గాలితో పాటు 900 వేగంతో 1 గంట 7 నిమిషాలు. ఎదురుగాలిలో 700తో 1 గంట 26. మొత్తం 2 గంటల 33. గాలే లేకపోతే రానుపోను రెండున్నర గంటలే. గాలి ఎటు వీచినా రానుపోనుకి కలిపి కొంచెం నష్టమే, ఎందుకంటే ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం.

వింతప్రశ్న
సరే, ఇంకోటి. పది, పదకొండు కిలోమీటర్ల పైన ఎగిరితే వృత్తం పెద్దదవుతుంది కదా, దూరం పెరగదూ?

లెక్కల_సూరి
పెరుగుతుంది. 6,371కి 11 కలిపి చూడండి, వెయ్యికి రెండు వంతులు కూడా లేదు. 500 కి.మీ. మీద ఒక కిలోమీటరు లోపు. రన్‌వే చుట్టు తిరగడంలో దానికి ఎన్నో రెట్లు పోతుంది.

పటాలపిచ్చి
దూరం పెరిగేది ఎత్తుతో కాదు, మూసిన ఆకాశంతో. 2022లో రష్యా గగనతలం మూసుకుపోయాక హెల్సింకి నుంచి టోక్యోకి తొమ్మిదిన్నర గంటలు పట్టేది పదమూడు దాకా వెళ్ళింది. నగరాలు జరగలేదు, ఆకాశ దూరం మారలేదు. ఆ భాగహారం సైట్లు ఇప్పటికీ పాత అంకే చూపిస్తాయి.

స్టీరింగ్_శాస్త్రి
విమానాల గొడవ ఆపి రోడ్డు మీదికి రండి. 640 కి.మీ.కి 9 గంటలేంటండీ? తెల్లవారుజామున బయల్దేరితే నేను ఏడున్నరలో కొట్టేస్తా.

అనూష_వి
శాస్త్రి గారూ, మీ కారులో పిల్లలున్నారా?

స్టీరింగ్_శాస్త్రి
ఉన్నారు, నిద్రపోతుంటారు.

అనూష_వి
అయితే మీ పిల్లల్ని మాకు రెండు రోజులు అప్పివ్వండి. మా వాళ్ళు బయల్దేరిన గంటకే "వచ్చేసిందా?" అని మొదలెడతారు. ప్రతి రెండు గంటలకీ ఎక్కడో ఒక చోట ఆగాల్సిందే. యాప్ చెప్పే సమయంలో ఆగడం ఉండదు, అది గుర్తుపెట్టుకోండి. కారు కదులుతూనే ఉంటుందని దాని లెక్క.

లెక్కల_సూరి
ఆ 9 ఎలా వస్తుందో ఒక ఊహ వేద్దాం. 500 కి.మీ. మంచి హైవే, సగటున 90 వేగం, ఐదున్నర గంటలు. మిగిలిన 140 కి.మీ. రెండు నగరాల లోపలి దారి, మధ్యలో పట్టణాలు, సగటున 40 వేగం, మూడున్నర గంటలు. మొత్తం 9. ఆ 140 మొత్తం దూరంలో ఐదో వంతు కంటే కాస్త ఎక్కువ, సమయంలో మాత్రం ఐదింట రెండు వంతులు.
ఇప్పుడు శాస్త్రి గారిలా హైవే మీద 90 బదులు సగటున 110 తొక్కారనుకోండి, మిగిలేది ఒక గంట. అదే రద్దీ లేని వేళ బయల్దేరి ఆ 140 కి.మీ.ని 40 బదులు 60తో దాటితే గంటా పది నిమిషాలు మిగులుతాయి. వేగం కంటే బయల్దేరే వేళే ముఖ్యం. అసలు శాస్త్రి గారి ఏడున్నరలో ఎక్కువ భాగం తెల్లవారుజాముదే అని నా అనుమానం.

స్టీరింగ్_శాస్త్రి
నా కాలికి రావాల్సిన పేరు గడియారానికి ఇచ్చేశారు.

రోడ్డుపక్షి
యాప్‌లో 'ఇప్పుడు' బయల్దేరితే ఎంతసేపో అడిగి, దాన్ని వచ్చే నెల ప్రయాణానికి నమ్మేవాళ్ళు చాలామంది. బయల్దేరే రోజు, వేళ పెట్టి అడిగితే అదే దారికి వేరే అంకె వస్తుంది. రోడ్డు మీద కదిలే ఫోన్ల వేగాన్ని బట్టి, గతంలో ఆ వేళకి ఎలా ఉండేదో చూసి చెబుతుంది. అందుకే 7 నుంచి 9 గంటలని అటూ ఇటూగా చూపిస్తుంది. నేనైతే పెద్ద అంకెనే తీసుకుంటా.
ఇంకోటి, ఒక్కరే నడిపేటట్టయితే 9 గంటలు చాలా ఎక్కువ. యూరప్‌లో లారీ, బస్సు డ్రైవర్లకి నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాల విరామం తప్పనిసరి. మామూలుగా రోజు మొత్తానికి 9 గంటలే హద్దు. అలవాటున్న వాళ్ళకే అంత కట్టడి పెడితే, ఎప్పుడో ఒకసారి అంత దూరం నడిపే మనం ఆలోచించుకోవాలి.

నిద్రమొహం
నడిపేది నేనొక్కణ్ణే. పేరు చూశారుగా.

అనూష_వి
అయితే విమానం ఎక్కండి బాబూ.

మూడోగేరు
అంత తొందరపడకండి. గంటా ఇరవై అంటే గంటా ఇరవై కాదు. ఇంటి దగ్గర్నుంచి విమానాశ్రయానికి గంట, అక్కడ రెండు గంటలు ముందు, సామాను కోసం అరగంట, అవతల ఊళ్ళోకి ఇంకో గంట. కలిపితే ఆరు గంటలకి పది నిమిషాలు తక్కువ. 500 కి.మీ.ని ఆరు గంటలతో భాగిస్తే గంటకు 83. శబ్ద వేగంలో 0.78 వంతని ఇందాక ఎవరో అన్నారు.

రెక్కలపని
ఆ ఎవరో నేనే. మీ లెక్క తప్పని అనను. కానీ ఆగుతూ పోయే కారుకి పది గంటలు దాటుతుంది కదా. అప్పటికీ నాలుగు గంటలు తేడా. 300 కి.మీ. అయితే నేనూ కారే అంటాను, రెండూ దగ్గర దగ్గరగా వస్తాయి.

కిటికీ_సీటు
విమానాశ్రయం పేరు చూసి మోసపోకండి. ఫ్రాంక్‌ఫర్ట్ హాన్ అని ఒకటుంది, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి 120 కి.మీ. స్టాక్‌హోమ్ స్కావ్‌స్టా నుంచి స్టాక్‌హోమ్‌కి 100. టోక్యో నరీతా కూడా నగరం నడిబొడ్డు నుంచి 60 దాకా ఉంటుంది. టికెట్ కొనేముందు విమానాశ్రయం నుంచి మీరు దిగే చోటికి ఎంతో మ్యాప్‌లో కొలవండి.

పట్టాల_పక్షం
ఇంత చర్చలో రైలు మాటే ఎత్తరా? మాడ్రిడ్, బార్సిలోనా మధ్య ఆకాశ దూరం సరిగ్గా మీ 500 లాంటిదే. 2008లో హైస్పీడ్ రైలు వచ్చాక రెండున్నర గంటల ప్రయాణం. ఊరి మధ్య ఎక్కి ఊరి మధ్య దిగడం. ఫ్రాన్స్‌లోనైతే రైల్లో రెండున్నర గంటల లోపు చేరగలిగే కొన్ని దారుల్లో దేశీయ విమానాల్నే 2023లో ఆపేశారు.

నిద్రమొహం
నేను వెళ్ళే దారిలో అలాంటి రైలు లేదు. ఉంటే ఈ ప్రశ్నే అడిగేవాణ్ణి కాదు. విమానమే అనుకుంటున్నా. నాన్నగారి మోకాళ్ళకి పది గంటల కారు కష్టం. విమానాశ్రయంలో నడక కూడా తక్కువేం కాదని విన్నాను, అదొక్కటే టెన్షన్.

రెక్కలపని
టికెట్ తీసుకునేటప్పుడే వీల్‌చెయిర్ కావాలని రాయించండి. చాలా సంస్థలు 48 గంటల ముందు చెప్పమంటాయి. చెబితే తలుపు దగ్గర్నుంచి సీటు దాకా తీసుకెళ్ళే మనిషి ఉంటాడు, తోడుగా ఒకరు ఆయన వెంట ఉండొచ్చు. వీలైతే రోజులో మొదటి విమానం చూడండి. ఒకే విమానం రోజంతా అటూ ఇటూ తిరుగుతుంది. పొద్దున పడిన ఆలస్యం సాయంత్రానికి పెరుగుతూ వస్తుంది.

అనూష_వి
మొదటి విమానమంటే పిల్లల్ని ఎన్నింటికి లేపాలో అది కూడా కలిపారా లెక్కలో?

రెక్కలపని
లేదు. అది బ్లాక్ టైమ్‌లో రాదు.